సిమ్‌సాక్: నలభై మంది పిల్లలతో ఆడించి చూశాక

సోషియాలజీ పాఠం కోసం ఆట కొన్నానంటే మా స్టాఫ్ రూమ్‌లో నవ్వారు. కొన్నది సిమ్‌సాక్ (సిమ్యులేటెడ్ సొసైటీ, అంటే క్లాసులోనే కట్టి ఆడే ఉత్తుత్తి సమాజం), 2000లో వచ్చిన అయిదో ఎడిషన్. బోర్డూ పాచికలూ ఉండవు. మాన్యువల్‌లోంచి ఫారాలు చింపుకుని ఆడాలి. నాకొచ్చిన సెకండ్ హ్యాండ్ కాపీలో సగం ఫారాలు ఎవరో ముందే చింపేసుకున్నారు. అమ్మినాయనేమో ‘వెరీ గుడ్ కండిషన్’ అని రాశాడు! పాత కాపీ కొనేవాళ్లు ముందే చివరి పేజీల ఫోటోలు అడగండి.

దీన్ని తయారుచేసిన విలియం గామ్సన్ మిషిగన్ యూనివర్సిటీలో, తర్వాత బోస్టన్ కాలేజీలో సోషియాలజీ చెప్పారు. నిరసన ఉద్యమాల మీద పరిశోధన చేసి, 53 అమెరికన్ సంఘాల్లో ఏవి గెలిచాయి, ఎందుకు గెలిచాయి అని 1975లో పుస్తకం రాశారు. అంతకుముందే, 1960లో, తోటి మేష్టార్లతో కలిసి బేస్‌బాల్ ఆటగాళ్ల స్కోర్ల మీద ఒక ఆట మొదలెట్టారు. మా పిల్లలు బల్ల కింద ఫోన్ పెట్టుకుని ఆడే ఫాంటసీ క్రికెట్‌కి అది తాత వరస.

క్లాసును గ్రీన్, రెడ్ అంటూ రంగుల పేర్లతో నాలుగు ప్రాంతాలు చేయాలి. ఒకరి చేతిలో పరిశ్రమ, ఒకరి చేతిలో పత్రిక, పార్టీ, కోర్టు. డబ్బు పేరు సిమ్‌బక్స్. ప్రాంతం దాటాలంటే టికెట్ ఉండాలి. తిండికీ టికెట్టే, అది పదే పదే దొరక్కపోతే చనిపోయినట్టే లెక్క. టికెట్లు సమానంగా పంచకపోవడమే ఇందులో కిటుకు.

అన్నీ ఉన్న గ్రీన్ వాళ్లను లైబ్రరీలో ఫ్యాన్ కింద కూర్చోబెట్టాను, ఏమీ లేని రెడ్ వాళ్లను వరండాలో. మొదటి గంట లైబ్రరీలో ఒకటే హడావిడి. వరండాలో పదిమంది మాత్రం గోడకానుకుని కూర్చున్నారు. వాళ్లకు టికెట్లు లేవు, ఎవరూ వాళ్ల దగ్గరికి రారు. ఒకడు నా దగ్గరికొచ్చి, “మేడమ్, మేం ఏం చెయ్యాలి?” అన్నాడు. చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. ఇరవై ఏళ్లుగా మాట్లాడుతూ బతికినదాన్ని, ఆ రోజు నోరు మూసుకోవడం నాకు పెద్ద పరీక్షే అయింది.

మూడో సెషన్‌కి రెడ్ వాళ్లు టికెట్ లేకుండానే లైబ్రరీ గుమ్మంలో బైఠాయించారు. గ్రీన్ వాళ్లు చర్చించింది తిండి గురించి కాదు, పోలీసును పెట్టడం గురించి! ఆఖర్న అందరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తే, గ్రీన్‌లో ఉన్న మా క్లాస్ ఫస్ట్ అమ్మాయి, “వాళ్లు బయట ఉన్న సంగతే గుర్తులేదు మేడమ్” అంది. వరండా వాళ్లు నవ్వలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. రూల్స్ చదివి చెప్పడానికే ఒక శనివారం పోయింది. పరిశ్రమలో ‘పని’ అంటే తారుమారు చేసిన ఇంగ్లీషు అక్షరాలను మాటలుగా పేర్చే కుస్తీ. తెలుగు మీడియం పిల్లలు అక్కడే ఆగిపోయారు. పాఠం అసమానత గురించి కదా అని సరిపెట్టుకోలేకపోయాను. రెండోసారికి ఆ మాటలు తీసేసి, తారుమారు చేసిన తెలుగు పదాలు పెట్టాను. ‘ప్రజాస్వామ్యం’ ముక్కలు పేర్చడానికి బీకాం వాళ్లకు పది నిమిషాలు పట్టింది. ఒత్తులు విడదీయాలా వద్దా అని ఆటలోని కోర్టుకే ఫిర్యాదు పెట్టారు, ఇంకా తీర్పు రాలేదు.