జాగ్రత్త: అట్ట మీద కీత్ మూన్, లోపల వాయించింది వేరే డ్రమ్మర్

బ్రిటిష్ రాక్ బ్యాండ్ ది హూ లైవ్ రికార్డులు కొనేవాళ్లు ఇది చదివి ముందుకెళ్లండి. "క్లాసిక్ లైవ్ బ్రాడ్‌కాస్ట్", "లెజెండరీ కన్సర్ట్" అంటూ అట్ట మీద ఆ బ్యాండ్ పాత డ్రమ్మర్ కీత్ మూన్ ఫొటో వేసిన వినైల్ రికార్డులు ఆన్‌లైన్‌లో బాగా కనిపిస్తున్నాయి. వాటిలో ఒకటి షిప్పింగ్‌తో కలిపి ₹3,800 పెట్టి తెప్పించాను. మొదటి పాట నుంచి చివరి పాట దాకా అందులో మూన్ ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. కొట్టే వీలే లేదు. ఆ షో జరిగే నాటికి ఆయన చనిపోయి నాలుగేళ్లు దాటింది.

అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సరుకు ఒక్క షాపుకే పరిమితం కాదు. ఇదే రికార్డు అట్ట మార్చుకుని, పేరు మార్చుకుని నాలుగైదు చోట్ల దొరుకుతోంది. అందుకే అమ్మేవాణ్ణి కాదు, సరుకును గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

నాకొచ్చింది ఎలా ఉందో చెప్తాను. ముందు అట్ట మీద నిండుగా మూన్ ఫొటో. పెద్ద డ్రమ్ కిట్ వెనక నోరు తెరిచి, రెండు స్టిక్కులూ గాల్లోకి ఎత్తిన మూన్. చూడగానే చేయి జేబులోకి పోయేలా ఉంది. వెనక అట్ట మీద పాటల పేర్లు: ఐ కాంట్ ఎక్స్‌ప్లెయిన్, బాబా ఓ'రైలీ, పిన్‌బాల్ విజర్డ్, వోంట్ గెట్ ఫూల్డ్ అగైన్, చివర ట్విస్ట్ అండ్ షౌట్. ఆ చివరి పాట ఒక్కటి తప్ప అన్నీ మూన్ కాలం నాటి బ్యాండ్ పాటలే. ఊరి పేరు లేదు, తేదీ లేదు, ఎవరు ఏం వాయించారో లేదు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "రేడియో, టీవీ ప్రసారం నుంచి" అని ఒక ముక్క. లేబుల్ పేరు నేనెప్పుడూ విననిది, దానికి అడ్రసు కూడా లేదు.

బాబా ఓ'రైలీ మొదలయ్యాక తేడా కొట్టింది. ఆ పాటలో ముందు సింథసైజర్ టేపు గిరగిర తిరుగుతుంది, తర్వాత పియానో ముక్కలు, ఆ మీదట డ్రమ్స్ వచ్చి పడతాయి. మూన్ వాయిస్తే అక్కడి నుంచి ఊపిరాడదు. హై-హ్యాట్ (కాలితో మూసే జంట సింబల్స్) మీద టిక్కు టిక్కుమని లెక్క పెట్టుకుంటూ కూర్చునే రకం కాదాయన. గాయకుడు డాల్ట్రీ పాడుతుండగానే టామ్ డ్రమ్స్ మీద పరుగులు తీస్తాడు, క్రాష్ సింబల్ మోత ఆగనివ్వడు, గాయకుడి లైను పూర్తయ్యేదాకా ఆగడం ఆయనకి చేతకాదు. నా రికార్డులో పద్ధతిగా హై-హ్యాట్, రెండో కొట్టుకీ నాలుగో కొట్టుకీ స్నేర్ డ్రమ్, లైను అయిపోయాక ఒక చిన్న ఫిల్లు, మళ్లీ హై-హ్యాట్. చక్కగా ఉంది, తాళం ఎక్కడా జారలేదు. కానీ మూన్ కాదు.

పైగా కీబోర్డు. మూన్ ఉన్న రోజుల్లో స్టేజీ మీద నలుగురే: పాటకి డాల్ట్రీ, గిటార్‌కి టౌన్‌షెండ్, బేస్‌కి ఎంట్విసిల్, డ్రమ్స్‌కి మూన్. సింథసైజర్ కావాల్సిన పాటలకి టేపు వేసేవాళ్లు, దానితో కలిసి నడవడానికి మూన్ హెడ్‌ఫోన్స్ పెట్టుకునేవాడు. బ్యాండ్‌తో పాటు కీబోర్డు వాయించే మనిషి స్టేజీ ఎక్కడం 1979 నుంచి. ముందు జాన్ 'ర్యాబిట్' బండ్రిక్, 1982 టూర్‌లో టిమ్ గోర్మన్. నా రికార్డులో టేపుకి సంబంధం లేని పాటల్లో కూడా పక్కన కీబోర్డు స్పష్టంగా వినిపిస్తోంది. రెండో వైపు చివర ఎంట్విసిల్ తన బండ గొంతుతో ట్విస్ట్ అండ్ షౌట్ అందుకున్నాక ఇక అనుమానం లేదు. 1982 టూర్ నుంచి తీసి 1984లో అధికారికంగా విడుదల చేసిన హూజ్ లాస్ట్ ఆల్బమ్ ముగిసేది కూడా ఆ పాటతోనే.

రూఢి చేసుకోవడానికి 1982 డిసెంబర్ 17న టొరంటోలోని మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లో జరిగిన షో వీడియో పక్కన పెట్టి విన్నాను. ఆ రోజుల్లో "ఇదే మా చివరి టూర్" అని ప్రకటించి చేసిన టూర్‌కి అది ఆఖరి షో, టీవీలో కూడా వేశారు. పాటల మధ్య మాటలు, జనం అరుపులు, గిటార్ తడబాట్లు, అన్నీ ఒకటే. డ్రమ్స్ దగ్గర కూర్చున్నది మూన్ తర్వాత బ్యాండ్‌లోకి వచ్చిన కెనీ జోన్స్.

ఇక్కడ కెనీ గురించి రెండు ముక్కలు చెప్పకపోతే అన్యాయం అవుతుంది. హూ అభిమానుల దగ్గర ఈయన పేరెత్తితే గొడవే. "మూన్ స్థానంలో కూర్చోబెట్టి బ్యాండ్‌ని చంపేశారు" అనేవాళ్లు ఒక పక్క. "మూన్ చివరి రోజుల్లో ఏం వాయించాడు, కెనీ వచ్చాకే బ్యాండ్ నిలబడింది" అనేవాళ్లు ఇంకో పక్క. మొదటి వర్గానికి రోజర్ డాల్ట్రీయే పెద్ద దన్ను. కెనీ ఈ బ్యాండ్‌కి సరిపోయే డ్రమ్మర్ కాడని ఆయన బహిరంగంగానే చెప్పాడు.

నా మాట అడిగితే, కెనీ తక్కువవాడేం కాదు. స్మాల్ ఫేసెస్, ఫేసెస్ బ్యాండ్లలో ఆయన వాయించింది వినండి, తెలుస్తుంది. మూన్ బతికుండగానే 1975లో వచ్చిన, ది హూ పాటల టామీ సినిమా సౌండ్‌ట్రాక్‌కి చాలా పాటల్లో డ్రమ్స్ వాయించింది కెనీయే. 1978 సెప్టెంబర్ 7న 32 ఏళ్ల వయసులో మూన్ చనిపోయాక, 1979 మే 2న లండన్ రెయిన్‌బో థియేటర్లో కొత్త హూ మొదటి షోకి కూర్చున్నది కూడా ఆయనే. అక్కడ తను మూన్‌ని అనుకరిస్తే నవ్వులపాలవుతాడు, అనుకరించకపోతే తిట్లు తింటాడు. రెండోదే ఎంచుకున్నాడు. ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, హూ పాటలకి అంత నిలకడ అక్కర్లేదు. ఆ పాటల్లో లీడ్ వాయించేది సగం డ్రమ్స్, సగం బేస్. డ్రమ్స్ తన హద్దులో తను ఉంటే మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. టౌన్‌షెండ్ దాన్ని గిటార్‌తో నింపలేక కీబోర్డు పెట్టుకోవాల్సి వచ్చిందని నాకు అనిపిస్తుంది. మీకు వేరేలా అనిపించొచ్చు, పోట్లాడుకుందాం. కానీ కెనీ రికార్డు కెనీ పేరు మీద అమ్మాలి. బస్టాండ్లలో క్యాసెట్లు కొన్న తరానికి ఈ వేషం బాగా తెలుసు: అట్ట మీద ఒకరి బొమ్మ, లోపల ఇంకొకరి గొంతు.

సెల్లర్‌కి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు చూడండి. "సార్, లైవ్ అని రాశాం, లైవే కదా. మూన్ వాయించాడని ఎక్కడా రాయలేదు. ఫొటో రిప్రజెంటేషన్ కోసమే." సరే, వాపసు తీసుకోమంటే "సీల్ తీసిన రికార్డు వాపసు ఉండదు" అన్నారు. సీల్ తీయకుండా డ్రమ్మర్ ఎవరో తెలుసుకునే విద్య వాళ్లకి ఉందేమో, నాకు లేదు. తర్వాత ₹300 కూపన్ ఇస్తామన్నారు, వాళ్ల దగ్గరే ఇంకో రికార్డు కొనుక్కోవడానికి!

ఇలాంటప్పుడు చాట్‌లో వాదిస్తూ టెన్షన్ పడకండి. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ప్రకటనలో చూపించినట్టు లేని వస్తువును వాపసు తీసుకోనని సెల్లర్ అనడానికి వీల్లేదు. ప్రతి వెబ్‌సైట్‌కీ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. నేను లిస్టింగ్ స్క్రీన్‌షాట్, అట్ట రెండు వైపులా ఫొటోలు, మూన్ చనిపోయిన తేదీ, టొరంటో షో తేదీ, ఇవన్నీ ఒకే మెయిల్‌లో పెట్టి గ్రీవెన్స్ ఆఫీసర్‌కి పంపాను. చాట్‌లో రాని కదలిక అక్కడ వచ్చింది. వాపసు తీసుకున్నారు, షిప్పింగ్ మాత్రం కోసుకున్నారు. మీకు అక్కడా పని జరగకపోతే 1915 నంబరుకి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. స్క్రీన్‌షాట్ మాత్రం కొన్న రోజే తీసి పెట్టుకోండి. గొడవ మొదలయ్యాక లిస్టింగ్‌లో మాటలు మారిపోతాయి.

కొనేముందు చూడాల్సింది మొట్టమొదట తేదీ. షో ఎప్పుడు, ఎక్కడ అని రాయని లైవ్ రికార్డుకి డబ్బు పెట్టొద్దు. లిస్టింగ్‌లో లేకపోతే వెనక అట్ట ఫొటో అడగండి, అది కూడా ఇవ్వకపోతే వదిలేయండి. తేదీ ఉంటే డ్రమ్మర్‌ని చెప్పేయొచ్చు. 1964 నుంచి 1978 దాకా మూన్. 1979 నుంచి 1982 టూర్ దాకా, ఆపైన లైవ్ ఎయిడ్ సహాయ కచేరీ లాంటి ఒకటి రెండు సందర్భాల్లో కెనీ. 1989 టూర్ సైమన్ ఫిలిప్స్, ఆ టూర్‌లోంచి వచ్చిందే జాయిన్ టుగెదర్ ఆల్బమ్. 1996 నుంచి జాక్ స్టార్కీ. ఈయన బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ కొడుకు, చిన్నప్పుడు మూన్ దగ్గర డ్రమ్ కిట్ బహుమతిగా అందుకున్నవాడు. మూన్ తర్వాత వచ్చినవాళ్లలో అభిమానులు ఎక్కువగా మెచ్చుకునేది ఈయన్నే. 2025లో ఆయన్ని తీసేసి, మళ్లీ ఉన్నాడని చెప్పి, మళ్లీ పంపేసిన తతంగం మీరంతా చూసే ఉంటారు. అమెరికా వీడ్కోలు టూర్‌కి స్కాట్ డెవర్స్ వాయించాడు.

పాటల పట్టీ కూడా కొంత చెప్తుంది. యు బెటర్ యు బెట్ ఉందంటే 1981 లేదా ఆ తర్వాతిది, ఎమినెన్స్ ఫ్రంట్ ఉందంటే 1982 లేదా ఆ తర్వాతిది. ఈ రెండిట్లో ఏది కనిపించినా మూన్ లేనట్టే. కనిపించకపోతే మాత్రం మూన్ ఉన్నట్టు కాదు. నాకు అమ్మినవాళ్లు చేసింది సరిగ్గా అదే, ఆ పాటలన్నీ ఏరి పారేసి పాతవి మాత్రమే ఉంచారు. రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో లేబుల్ పేరు, రికార్డు నంబరు కొట్టి చూడండి. "అనఫిషియల్" అని ఉంటే బ్యాండ్‌కి తెలియకుండా అచ్చేసిన సరుకన్నమాట. అలాంటివి అక్కడ అమ్మనివ్వరు, అందుకే బయట తిరుగుతుంటాయి.

మూన్ కాలం తేదీ ఉన్నా ఒక తమాషా మినహాయింపు ఉంది. 1973 నవంబర్ 20, కాలిఫోర్నియాలోని కౌ ప్యాలెస్. షో మధ్యలో మూన్ డ్రమ్స్ మీద వాలిపోయాడు. లేపి తెచ్చారు, మళ్లీ పడిపోయాడు. టౌన్‌షెండ్ మైకు దగ్గరికొచ్చి డ్రమ్స్ బాగా వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా అని జనాన్ని అడిగితే, స్కాట్ హాల్పిన్ అనే 19 ఏళ్ల కుర్రాడు స్టేజీ ఎక్కి చివరి పాటలు వాయించాడు. ఆ రాత్రి రికార్డింగ్ అయితే నేను కళ్లు మూసుకుని కొంటాను, డ్రమ్మర్ మారాడని ఎవరిమీదా కేసు పెట్టను.

మూన్ కోసమే అయితే ఇవి కొనండి. లైవ్ ఎట్ లీడ్స్, 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీలో. ఇక్కడొక చమత్కారం: దొంగ రికార్డులని వెక్కిరిస్తూ దాని అట్టని కావాలనే సాదా గోధుమరంగులో, స్టాంపు గుద్దినట్టు పేరుతో వేశారు. "చిటపట శబ్దాలు ఉంటాయి, సరిచేయొద్దు" అని లేబుల్ మీదే రాశారు. అసలుది నకిలీలా కనిపిస్తుంది, నకిలీది తళతళా మెరుస్తుంది. మరుసటి రాత్రి హల్ నగరంలో జరిగిన షో కూడా విడుదలైంది. మొదటి కొన్ని పాటలకి బేస్ రికార్డ్ కాకపోతే లీడ్స్ నుంచి తెచ్చి అతికించారు, ఆ సంగతి వాళ్లే చెప్పారు. దాచకుండా చెప్పడం అంటే అదీ.

2025లో వచ్చిన లైవ్ ఎట్ ది ఓవల్ 1971 మన క్రికెట్ పిచ్చివాళ్లకి ప్రత్యేకం. ఆ ఏడాది సెప్టెంబర్ 18న బంగ్లాదేశ్ బాధితుల సాయం కోసం లండన్ ఓవల్ మైదానంలో చేసిన షో అది, మూన్ మొదట్లో క్రికెట్ బ్యాట్‌తో డ్రమ్స్ కొట్టాడు. కెనీ వాయించింది వినాలనుకుంటే దానికీ సరైన దారి ఉంది: 2024లో వచ్చిన లైవ్ ఎట్ షే స్టేడియం 1982. ఏడాది పేరులోనే ఉంది, ఎవరినీ మోసం చేయదు. నిజం చెప్పాలంటే నాకు అంటగట్టిన రికార్డు కన్నా అందులో డ్రమ్స్ చాలా స్పష్టంగా వినిపిస్తాయి.

ఇది రాసే ముందు మళ్లీ ఒకసారి ఆ పేజీ తెరిచి చూశాను. లిస్టింగ్ అలాగే ఉంది, మూన్ ఫొటో కూడా అలాగే ఉంది. కింద "ఇమేజ్ కేవలం ఉదాహరణకు" అని ఒక లైను కొత్తగా చేర్చారు. ధర ₹200 పెంచారు.