ఇంట్లోనే బంపర్ కోసి టోబార్ బిగించాను: మూడేళ్ల తర్వాత

మేముండేది ఇంగ్లండ్‌లో, రెడింగ్ దగ్గర. తోట చెత్త పారబోయడానికీ, ఉగాదికి అద్దె హాలుకి గంగాళాలూ కుర్చీలూ మోయడానికీ చిన్న ట్రైలర్ కొన్నాను. దాన్ని లాగడానికి కారుకి టోబార్, అంటే ట్రైలర్ తగిలించడానికి వెనక బిగించే ఇనుప కమ్మీ, కావాలి కదా. షాపువాళ్లు చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి, అందుకని కిట్ ఒక్కటే తెప్పించుకుని 2022 వేసవిలో ఇంటి ముందే మొదలుపెట్టాను. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "బంగారం లాంటి కారుని రంపంతో కోస్తావేంట్రా" అని ఆ రోజంతా గొణుగుతూనే ఉంది.

బంపర్ ఊడదీయడం అనుకున్నంత కష్టం కాదు. వెనక లైట్లు, చక్రాల గూళ్లలో స్క్రూలు, కింద ప్లాస్టిక్ క్లిప్పులు, అంతే. క్లిప్పులు నాలుగైదు విరగడం ఖాయం, ముందే ఒక ప్యాకెట్ కొని పెట్టుకోండి. పార్కింగ్ సెన్సర్ల కనెక్టర్ తీయకుండా గుంజితే మాత్రం వైర్లు తెగుతాయి. లోపలున్న ఇనుప దూలం తీసేసి ఆ చోట టోబార్ అడ్డకమ్మీ పెట్టి, కిట్ కాగితంలో చెప్పిన టార్క్‌కే, అంటే అంత బలంతోనే, బోల్టులు బిగించాలి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడమన్నారు, చూస్తే రెండు బోల్టులు నిజంగానే కొంచెం తిరిగాయి.

టోబార్ మెడ బయటికి రావడానికి బంపర్ కింద కొంత కోయాలి, ఆ కోతలో నేను చేసిన తప్పు ఒక్కటే. కొలత బంపర్ కింది అంచు లోపలి మడత నుంచి తీసుకోమని కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంది, నేను బయటి అంచు నుంచి తీసుకున్నాను. ఒక సెంటీమీటరు ఎక్కువ కోశాను. ఇంకో సంగతి, జిగ్సాని (కరెంటు రంపాన్ని) ఫుల్ స్పీడులో పెడితే ప్లాస్టిక్ కరిగి బ్లేడు వెనకే మళ్లీ అతుక్కుపోతుంది. పది నిమిషాలు కోసి ముక్క లాగితే కదల్లేదు, చూస్తే కోసిన గీతంతా జిగురులా కరుచుకుని ఉంది! స్పీడు తగ్గించి, చివరికి హాక్సా బ్లేడుకి గుడ్డ చుట్టి చేత్తోనే కోశాను. మూలల్లో ముందే డ్రిల్లుతో గుండ్రటి రంధ్రాలు వేశాను, అందుకేనేమో మూడేళ్లలో ఒక్క పగులు కూడా రాలేదు. ఎక్కువ కోసిన చోట కారు తలుపులకు వేసే రబ్బరు అంచుపట్టీ తొడిగాను, చెబితే తప్ప ఎవరికీ తెలియదు. పొట్టు మాత్రం సాక్సులకి అంటుకుని బెడ్రూం దాకా వచ్చింది, దానికి నేను పడ్డ తిట్లు వేరే.

బంపర్ గురించి అంత టెన్షన్ పడ్డానా, అసలు ఏడిపించింది వైరింగ్. డబ్బు మిగులుతుందని ట్రైలర్ లైట్లకి కరెంటు పంపడానికి అన్ని కార్లకీ పనికొచ్చే చవక రిలే పెట్టాను. రెండో చలికాలానికి ట్రైలర్ ప్లగ్ పెట్టే సాకెట్లోకి నీళ్లు దిగి పిన్నులు పచ్చగా చిలుం పట్టాయి, ట్రైలర్ ఎడమ ఇండికేటర్ పోయింది, మోటార్‌వే మీద ఆ సంగతి వెనకొచ్చే లారీవాడు లైట్లు కొట్టేదాకా నాకు తెలియనే లేదు. పైగా రివర్స్ వేస్తే సెన్సర్లు ట్రైలర్నే గోడ అనుకుని ఒకటే మోత. చివరికి ఇంటికొచ్చి పనిచేసే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మా కారుకే చేసిన 13 పిన్నుల వైరింగ్ వేయించి, ట్రైలర్ ఉందని కారు కంప్యూటర్‌కి తెలిసేలా కోడింగ్ కూడా చేయించాను. ఇప్పుడు ప్లగ్ పెట్టగానే సెన్సర్లు వాటంతటవే ఆగిపోతాయి. రెండుసార్లు పెట్టిన ఖర్చు కలిపితే మిగిలింది పెద్దగా ఏమీ లేదు, నిజం చెప్పాలంటే.

మళ్లీ చేయాల్సివస్తే కోత నేనే కోస్తాను, వైర్లు మాత్రం ముట్టుకోను. ట్రైలర్ తగిలించే బాల్ కూడా ఊడొచ్చే రకమే కొంటాను. నాది కదలని రకం, షాపింగ్ మాల్ పార్కింగ్‌లో దానికి మోకాలు కొట్టుకున్నవాళ్ల లిస్టులో మొదటి పేరు నాదే. ఇన్సూరెన్స్‌వాళ్లకి ఫోన్ చేసి టోబార్ సంగతి చెప్పడం మర్చిపోకండి, నాకైతే ప్రీమియం పెరగలేదు. ట్రైలర్ తగిలించినప్పుడు మోటార్‌వే మీద గంటకి 60 మైళ్లు దాటకూడదు, దాని వెనక కారు నంబరే ఉన్న పసుపు ప్లేటు ఉండాలి. మొదటి ట్రిప్పుకి నేను ప్లేటు లేకుండానే బయల్దేరాను, వీధి చివర గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.