పంక్‌కు ఆరేళ్ల ముందే: ఎమ్‌సీ5 రెండో ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ ద యూఎస్ఏ’

పొట్టి పాటలను వేగంగా, మొరటుగా వాయించే పంక్ రాక్ సంగీతపు చరిత్ర చెప్పేవారు సాధారణంగా 1976లో వచ్చిన న్యూయార్క్ బృందం రామోన్స్ తొలి ఆల్బమ్‌తో మొదలుపెడతారు. ఇంకాస్త వెనక్కి వెళ్లే ఓపిక ఉన్నవారు అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతం దాకా వెళ్లి, స్టూజెస్ అనే బృందం దగ్గరో, ఎమ్‌సీ5 అనే బృందం కచేరీలో రికార్డు చేసిన తొలి ఆల్బమ్ ‘కిక్ అవుట్ ద జామ్స్’ దగ్గరో ఆగుతారు. అదే ఎమ్‌సీ5 1970 జనవరిలో విడుదల చేసిన రెండో ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ ద యూఎస్ఏ’ను మాత్రం చాలామంది పట్టించుకోకుండా దాటిపోతారు. నా దృష్టిలో ఇది అన్యాయం. తొలి ఆల్బమ్‌లో పంక్‌కు కావలసిన కోపమూ, చప్పుడూ పుష్కలంగా ఉన్నాయి గాని పంక్ పాటకు ఉండే రూపం లేదు. ఆ రూపం వినిపించేది ఈ రెండో ఆల్బమ్‌లోనే.

డెట్రాయిట్ శివార్లలోని లింకన్ పార్క్‌కు చెందిన కుర్రవాళ్లు పెట్టుకున్న బృందం ఇది. గాయకుడు రాబ్ టైనర్, గిటార్ల మీద వేన్ క్రేమర్, ఫ్రెడ్ ‘సోనిక్’ స్మిత్, బేస్ మీద మైకేల్ డేవిస్, డ్రమ్స్ మీద డెనిస్ థాంప్సన్. 1968 అక్టోబరు చివర డెట్రాయిట్ కచేరీ హాలు గ్రాండీ బాల్‌రూమ్‌లో రెండు రాత్రులు రికార్డు చేసిన తొలి ఆల్బమ్ వీరికి పేరుతో పాటు తలనొప్పులూ తెచ్చిపెట్టింది. అందులోని బూతుమాట కారణంగా హడ్సన్స్ అనే పెద్ద దుకాణం ఆ రికార్డును అమ్మబోమన్నది. వీరు ఆ దుకాణాన్ని అదే బూతుతో తిడుతూ, తమ కంపెనీ ఎలెక్ట్రా గుర్తును కూడా వేసి ప్రకటన ఇచ్చారు. దుకాణం ఎలెక్ట్రా రికార్డులన్నిటినీ వెనక్కి పంపగా, ఎలెక్ట్రా వీరిని వదిలించుకున్నది. మరోపక్క, మేనేజరుగానూ రాజకీయ గురువుగానూ వ్యవహరించిన జాన్ సింక్లెయిర్‌కు, మారువేషంలో వచ్చిన పోలీసులకు రెండు గంజాయి సిగరెట్లు ఇచ్చినందుకు 1969లో పదేళ్ల వరకూ జైలుశిక్ష పడింది. అట్లాంటిక్ కంపెనీతో కొత్త ఒప్పందం కుదుర్చుకుని స్టూడియోలోకి అడుగుపెట్టేసరికి బృందం పరిస్థితి ఇదీ.

ఇక్కడ ప్రవేశించిన వ్యక్తి జాన్ లాండౌ. తర్వాతి కాలంలో రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ప్రొడ్యూసరుగా, మేనేజరుగా ప్రసిద్ధుడైన ఆయన అప్పటికి ప్రధానంగా సంగీత విమర్శకుడు. యాభైల నాటి రాక్ అండ్ రోల్‌లోని పొందికను ఇష్టపడే లాండౌకు, ఎనిమిది నిమిషాలకు పైగా సాగి చివరికి శబ్దసాగరంలో కలిసిపోయే ‘స్టార్‌షిప్’ వంటి పాటలు రుచించే అవకాశం లేదు. కాబట్టి ఆయన అన్నిటినీ కత్తిరించాడు. ఇందులో ఉన్న 11 పాటలూ కలిపి 28 నిమిషాలు. ఆరేళ్ల తర్వాత వచ్చిన రామోన్స్ తొలి ఆల్బమ్ నిడివి 29 నిమిషాలని గుర్తుచేసుకుంటే, అప్పట్లో పొదుపుగా, పిసినారితనంగా కూడా అనిపించిన ఈ కొలత ఎటు చూస్తున్నదో తెలుస్తుంది.

ఇక శబ్దం సంగతి. ఈ ఆల్బమ్ మీద మొదటి నుంచీ ఉన్న ఫిర్యాదు ఇదే, అది అబద్ధమూ కాదు. బేస్ దాదాపు వినబడదు. ప్రతిధ్వని లేదు, గిటార్లకు ఒళ్లు లేదు, డ్రమ్స్ పక్కనుండే లోహపు తాళాల టకటకలు ముందుకు పొడుచుకువస్తాయి. మొదటిసారి వినేవారికి ఇయర్‌ఫోన్‌లో ఏదో తీగ ఊడిందేమోనన్న అనుమానం రావడం సహజం. కచేరీలో పెద్ద పెద్ద ఆంప్లిఫయర్ల మోతకు పేరుపడిన బృందం ఇంత పలచగా వినిపించడం అప్పటి అభిమానులను నిరాశపరిచింది. బృంద సభ్యులే తర్వాత ఈ మిక్సింగ్ మీద పెదవి విరిచారు. అయితే ఆ పలచదనం వల్ల జరిగిన మేలు ఒకటుంది. మోత తగ్గేసరికి గిటార్ తీగల మీద పడే ప్రతి దెబ్బా విడివిడిగా, పొడిగా, తొందరగా చెవికి తగులుతుంది. 1970లో హార్డ్ రాక్ బృందాలు ఏటికేడాది బరువెక్కుతూ, సోలోలు పొడిగించుకుంటూ పోతున్న తరుణంలో, అదే జాతికి చెందిన ఒక బృందం బరువును పూర్తిగా దించేసి వేగాన్ని మాత్రం ఉంచుకున్నది.

దీనికి నిదర్శనంగా రెండు పాటలు చాలు. మొదటిది ‘లుకింగ్ ఎట్ యూ’. 1968లో చిన్న కంపెనీ ద్వారా సింగిల్‌గా వచ్చినప్పుడు ఇది గిటార్ గోలలో సగం మునిగిపోయిన పాట. ఇక్కడ మూడు నిమిషాలకు కుదించి, గీత గీసినట్టు నిలబెట్టారు. టైనర్ ఒక్కో పాదం ముగించగానే క్రేమర్ గిటార్ ఆ ఖాళీలోకి దూరుతుంది, సోలో వచ్చినప్పుడు కూడా కింద లయ ఒక్క అణువూ సడలదు. లండన్ పంక్ బృందం ద డామ్‌న్డ్ 1979లో తమ ఆల్బమ్ కోసం ఈ పాటను మళ్లీ రికార్డు చేసినప్పుడు, దాన్ని పంక్ పాటగా మార్చడానికి పెద్దగా శ్రమపడవలసిన అవసరం రాలేదు.

రెండోది, నా మటుకు ఆల్బమ్ మొత్తానికీ శిఖరం, ‘ద హ్యూమన్ బీయింగ్ లాన్‌మోవర్’. మనుషులను గడ్డిలా కోసేసే యంత్రం గురించిన ఈ పాట వియత్నాం యుద్ధకాలపు అమెరికాలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేనిది. రెండున్నర నిమిషాలలోపే ముగిసే దీనిలో మామూలు పల్లవీ చరణాల వరుస ఉండదు. ఒక రిఫ్ (గిటార్ మీద పదేపదే వచ్చే చిన్న స్వరాల వరుస) మొదలై స్థిరపడేలోగా టక్కున ఆగుతుంది, థాంప్సన్ డ్రమ్స్ ఒక్క ఊపున దొర్లుకొస్తాయి, మరో రిఫ్ అందుకుంటుంది, చివరకు టైనర్ ‘నరుకు’ అనే అర్థమున్న మాటనే తాళంగా చేసుకుని గబగబా వల్లిస్తాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎత్తుకోవాలో అయిదుగురికీ ఒక్క తలకాయ ఉన్నట్టు తెలిసి ఉండాలి. పంక్ అంటే చేతికొచ్చినట్టు వాయించడమేనని నమ్మేవారు ఈ పాట ఒకసారి వినాలి. ఆ తరహా సంగీతానికి అచ్చు పోసినది అరాచకం కన్నా కచ్చితమైన సాధనేనని నాకు అనిపిస్తుంది.

మిగతా పాటలలో ‘టునైట్’, ‘కాల్ మీ యానిమల్’, ‘హై స్కూల్’ కుర్రకారు అల్లరికి సంబంధించినవి, సరదాగా సాగిపోతాయి. ‘షేకిన్ స్ట్రీట్’ను ఫ్రెడ్ స్మిత్ స్వయంగా పాడాడు, అతని గొంతులోని తీరుబడి టైనర్ తర్వాత హాయిగా ఉంటుంది. ‘లెట్ మీ ట్రై’ మాత్రం అతకలేదు. నాలుగు నిమిషాలు దాటిన ఈ నెమ్మది ప్రేమగీతం ఊపును సగంలో పట్టి ఆపేస్తుంది. ‘టీనేజ్ లస్ట్’ సాహిత్యం ఈనాడు వినడానికి ఇబ్బందిగానే ఉంది.

ఆల్బమ్‌కు రెండు చివరలా యాభైల నాటి రాక్ అండ్ రోల్ గాయకుల పాత పాటలే ఉన్నాయి: మొదట లిటిల్ రిచర్డ్ ‘టుట్టీ ఫ్రూటీ’, చివర చక్ బెర్రీ 1959లో పాడిన ‘బ్యాక్ ఇన్ ద యూఎస్ఏ’. హాంబర్గర్లనూ ఆకాశహర్మ్యాలనూ తలచుకుంటూ స్వదేశానికి తిరిగొచ్చినందుకు మురిసిపోయే బెర్రీ పాటను, అమెరికా స్వేచ్ఛ అంతా మోసమని నిలదీసే ‘ది అమెరికన్ రూజ్’ ఉన్న రికార్డులోనే, ఎక్కడా వెక్కిరింపు ధ్వనించకుండా, హుషారుగా పాడడం గమనించదగిన విషయం. మేనేజరు జైల్లో ఉండగా పాడిన పాట అది. వ్యంగ్యమో, నిజమైన మమకారమో తేల్చుకోనివ్వకపోవడమే దాని బలమని నేననుకుంటాను.

బిల్‌బోర్డ్ పత్రిక ఇచ్చే అమెరికా ఆల్బమ్‌ల జాబితాలో ఇది 137వ స్థానం దాటలేదు. 1971లో ‘హై టైమ్’ అనే మరో ఆల్బమ్ చేసి, 1972 చివరి రాత్రి గ్రాండీలోనే ఆఖరి కచేరీ ఇచ్చి బృందం విడిపోయింది. క్రేమర్ కొకైన్ కేసులో జైలుపాలయ్యాడు. లండన్ పంక్ బృందం ద క్లాష్ 1978లో విడుదల చేసిన ‘జైల్ గిటార్ డోర్స్’ పాట అతని కథతోనే మొదలవుతుంది.

కొత్తగా వినదలచినవారు ముందు ‘ద హ్యూమన్ బీయింగ్ లాన్‌మోవర్’, ‘లుకింగ్ ఎట్ యూ’ విని, అవి నచ్చితేనే మొత్తం ఆల్బమ్‌కు వెళ్లడం మంచిది. ప్లేయర్‌లో బేస్ పెంచి ఈ లోటు తీర్చాలని మాత్రం ప్రయత్నించవద్దు, శబ్దం మసకబారడం తప్ప ప్రయోజనం ఉండదు. బరువైన గిటార్లే కావాలనుకునేవారు దీనికి బదులు ‘హై టైమ్’ కొనుక్కోవడం మేలు.