పీఎస్ 5, ఎక్స్‌బాక్స్, స్విచ్: ఏళ్ళ తరబడి వాడాక కంట్రోలర్ల సంగతి

టీవీకి తగిలించి ఆటలాడే కొత్త కన్సోల్ వచ్చిన వారంలో పడే సమీక్షలన్నీ ఒకేలా ఉంటాయి. లోపలి చిప్ ఎంత, 4కే వస్తుందా, 120 ఫ్రేములు వస్తాయా, ఆట లోడ్ అవడానికి ఎన్ని సెకన్లు, ఇవే. అవన్నీ రెండు నెలల్లో అలవాటైపోతాయి. ఏళ్ళు గడిచాక కూడా రోజూ చేతికి తగిలేది కంట్రోలర్. పాడయ్యేదీ అదే, మళ్ళీ జేబుకు చిల్లు పెట్టేదీ అదే, సెలవులకొచ్చిన మేనల్లుడు "మామయ్యా, కొత్తది నాకు, పాతది నువ్వు తీసుకో" అని పేచీ పెట్టేదీ దాని గురించే. అందుకే ఇందులో గ్రాఫిక్స్ గురించి ఒక్క ముక్క కూడా రాయడం లేదు.

ఏ కంపెనీకీ నేను ఫ్యాన్‌ని కాదు, ముందే చెప్తున్నా. టీవీ కింద ఇప్పుడు సోనీ పీఎస్ 5, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, నింటెండో వాళ్ళ పాత స్విచ్ ఉన్నాయి. అటక మీద కినెక్ట్ కెమెరాతో సహా ఒక ఎక్స్‌బాక్స్ 360, న్యూజెర్సీలో ఉండే మా బావ ఒకసారి వస్తూ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చిన నింటెండో వీ (Wii) ఉన్నాయి. కొన్ని కొత్తవి, కొన్ని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో బేరమాడి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చినవి. అన్నీ మొహం మొత్తేదాకా వాడినవే.

పీఎస్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయలకు వచ్చింది. ఎక్స్‌బాక్స్ వాళ్ళు అంతకుముందే, 2020 నవంబర్ 10న, మిగతా దేశాలతో పాటే ఇక్కడా వదిలారు, సిరీస్ ఎస్ అయితే 34,990కే. ధరలోనూ రాకలోనూ మైక్రోసాఫ్ట్ ముందుంటే సోనీ మాత్రం మాటలన్నీ పీఎస్ 5 కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్ మీద పెట్టింది. పెట్టినందుకు తగ్గట్టే ఉంది. అంతకుముందు సోనీ కంట్రోలర్లలో వైబ్రేషన్ అంటే ఒక పక్క బరువు తగిలించిన రెండు చిన్న మోటార్లు గిర్రున తిరగడం, అంతే. బాంబు పేలినా అదే వణుకు, కారు గోడకి గుద్దినా అదే వణుకు. డ్యుయల్‌సెన్స్‌లో వాటి బదులు స్పీకర్‌లో ఉండే లాంటి కాయిల్ యాక్చుయేటర్లు పెట్టారు, అందుకే సన్న సన్న అదురు కూడా విడివిడిగా తెలుస్తుంది. పీఎస్ 5తో పాటే వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్‌లో ఆ బుల్లి రోబోను ఇసుకలో నడిపించి వెంటనే మంచు మీదికి తీసుకెళ్ళండి. ఇసుకలో గరగరమని, మంచు మీద జర్రుమని, అరచేతికి తేడా స్పష్టంగా అందుతుంది. కళ్ళు మూసుకుని ఏది ఎక్కడో చెప్పే పందెం మా ఇంట్లో చాలా రోజులు నడిచింది. ఆటలంటే గిట్టని మా నాన్న కూడా ఓసారి చేతిలోకి తీసుకుని "ఇదేంట్రా, లోపల ఏదో పాకుతోంది" అన్నారు.

ట్రిగ్గర్ల సంగతి, అంటే చూపుడువేళ్ళతో నొక్కే మీటల సంగతి వేరు. ట్రిగ్గర్ వెనక చిన్న మోటారు, పళ్ళచక్రం ఉండి వేలికి ఎదురు నొక్కుతుంది. రాచెట్ అండ్ క్లాంక్: రిఫ్ట్ అపార్ట్‌లో ఒక తుపాకీ ఉంది, సగం నొక్కితే ఒక గొట్టం పేలుతుంది, ఆ బిగువు దాటి పూర్తిగా నొక్కితే రెండూ పేలతాయి. రిటర్నల్‌లో సగం నొక్కితే గురి, మొత్తం నొక్కితే వేరే దాడి. గ్రాన్ టురిస్మో 7లో గట్టిగా బ్రేక్ వేస్తే, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పట్టుకోగానే ట్రిగ్గర్ వేలి కింద టకటకా కొట్టుకుంటుంది. చక్రాలు ఎక్కడ పట్టు తప్పుతున్నాయో తెర చూడకముందే వేలికి తెలిసిపోతుంది. దీన్ని మాత్రం నేను ఎప్పుడూ ఆపలేదు.

మిగతా చాలా ఆటల్లో ఆపేశాను, ఇది రాయక తప్పదు. ఆన్‌లైన్ షూటింగ్ ఆటల్లో ఎదుటివాడు చటుక్కున కాలుస్తుంటే మనం మాత్రం బిగువుతో కుస్తీ పట్టాలా? కొన్నాళ్ళు గొప్పగా ఉంటుంది, తర్వాత వేలు నొప్పి. నాకు తెలిసి ఆ ఆటలు సీరియస్‌గా ఆడేవాళ్ళు మొట్టమొదట చేసే పని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి దాన్ని ఆఫ్ చేయడమే. ఇంకో చిక్కేంటంటే ఒకే ఆటను మూడు కన్సోళ్ళకూ, పీసీకీ కలిపి చేసే కంపెనీలు ఒక్క సోనీ కంట్రోలర్ కోసం అంత కష్టపడవు, ఏదో పెట్టామంటే పెట్టాం అన్నట్టు తుపాకీకి కాస్త బిగువు తగిలించి వదిలేస్తాయి. సోనీ సొంత స్టూడియోలు చేసిన ఆటల్లోనే ఈ కంట్రోలర్ అసలు పనితనం కనబడుతుంది. అవి ఏడాదికి ఎన్ని వస్తాయో మీకూ తెలుసు.

ఈ హంగులన్నిటికీ కరెంటు కావాలి కదా. లోపలున్నది 1560 ఎంఏహెచ్ బ్యాటరీ. ఈ రోజుల్లో చవక ఫోన్‌లో కూడా దానికి మూడింతలుంటుంది. ఆదివారం పొద్దున మొదలుపెట్టి రాత్రిదాకా ఆడదామనుకుంటే మధ్యలో ఛార్జింగ్ పెట్టక తప్పదు. పొడుగాటి యూఎస్‌బీ సీ తీగ ఒకటి సోఫా పక్కన పడేసి ఉంచడం దీనికి నేను కనిపెట్టిన విరుగుడు.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌ది దీనికి పూర్తిగా ఎదురు దారి. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు రెండు వేయాలి. 2020లో కొత్తగా వచ్చిన కన్సోల్‌కి సెల్లు ఏంట్రా బాబూ అని అందరూ నవ్వారు. కానీ రీచార్జబుల్ సెల్లు నాలుగు కొనుక్కుని రెండు వాడుతూ రెండు ఛార్జింగ్‌లో పెట్టుకుంటే బ్యాటరీ గోలే ఉండదు. పైగా లోపలి బ్యాటరీ ముసలిదైపోయి మొత్తం కంట్రోలర్ విప్పాల్సిన అవసరం ఎప్పటికీ రాదు. చేతిలో ఇమడడం వరకూ నాకు ఇదే మొదటి స్థానం, గంటలు గంటలు ఆడినా అరచెయ్యి నొప్పెట్టదు. దిశల బటన్ మాత్రం కటక్ కటక్‌మని ఎంత శబ్దమంటే, రాత్రి పూట పక్క గదిలో పడుకున్నవాళ్ళకి మనం ఏ ఆట ఆడుతున్నామో కూడా తెలిసిపోతుంది.

కొత్తదనం అంటారా, పెద్దగా లేదు. ట్రిగ్గర్లలో విడిగా వైబ్రేషన్ పెట్టింది అసలు మైక్రోసాఫ్టే, 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో. సోనీ ఆ ఆలోచనను ఏడేళ్ళ తర్వాత ఇంకో మెట్టు ఎక్కిస్తే, మొదలుపెట్టినవాళ్ళు అక్కడే ఆగిపోయారు. 2023 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ కోర్టు కేసు కాగితాల్లో సెబీల్ అనే కొత్త కంట్రోలర్ ప్లాన్ బయటపడింది, మెరుగైన వైబ్రేషన్, వంపును పసిగట్టే సెన్సర్, బొటనవేలితో తిప్పే స్టిక్కులు మార్చుకోదగ్గవి, అన్నీ ఉన్నాయి అందులో. అవి పాత ప్లాన్లు, చాలా మారాయి అని అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ అప్పట్లోనే తేల్చేశారు. నేనైతే ఎదురుచూడటం మానేశాను.

అటక మీద ఉన్నవాటి గురించి చెప్పకపోతే కంట్రోలర్ల మీద ఈ కంపెనీల కొట్లాట అర్థం కాదు. 2006 నవంబర్‌లో వీ వచ్చింది, 250 డాలర్లకి. లోపల హార్డ్‌వేర్ బలహీనం, హెచ్‌డీ కూడా లేదు. చేతిలో టీవీ రిమోట్ లాంటిది పెట్టి ఊపమన్నారు, జనం ఎగబడ్డారు. మొత్తం పది కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఊపే ఊపుకి రిమోట్లు చేతులు జారి టీవీల మీద పడుతున్నాయని ఆ డిసెంబర్‌లోనే నింటెండో 32 లక్షల మణికట్టు పట్టీలు ఉచితంగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది. మా ఇంట్లో టీవీకి ఏమీ కాలేదు గానీ టెన్నిస్‌లో సర్వీస్ కొడుతూ మా తమ్ముడు చెయ్యి ఫ్యాన్ రెక్కకి ఒక్క జానెడు దూరంలో ఆగింది, అప్పటినుంచి వీ పెడితే ఫ్యాన్ ఆపాలి అన్నది ఇంటి రూలు. మే నెలలో ఫ్యాన్ ఆపి టెన్నిస్ ఆడటం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సోనీ కంగారు అదే ఏడాది మొదలైంది. పీఎస్ 3 కంట్రోలర్‌లో వంపును పసిగట్టే సెన్సర్ పెట్టి, వైబ్రేషన్ తీసేసింది. రెండూ కలిస్తే పొసగవు అని చెప్పింది. నిజానికి అప్పటికి వైబ్రేషన్ పేటెంట్ల మీద ఇమ్మర్షన్ అనే కంపెనీతో కోర్టులో తలపడుతోంది. 2007లో రాజీ కుదిరింది, ఆ ఏడాది చివర్లోనే జపాన్‌లో రెండూ ఉన్న డ్యుయల్‌షాక్ 3 వచ్చేసింది! పొసగనివి అప్పుడెలా పొసిగాయో వాళ్ళకే తెలియాలి.

తర్వాత 2010లో ఇద్దరూ నింటెండో వీ కన్సోల్‌ని కాపీ కొట్టడానికి దిగారు, సోనీ మూవ్‌తో, మైక్రోసాఫ్ట్ కినెక్ట్‌తో. కినెక్ట్ మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్ రికార్డు కొట్టింది. అసలు చేతిలో ఏమీ ఉండదు, కెమెరా మన ఒంటినే చూస్తుంది. ఒక్కడు ఆడాలంటే ఆరడుగులు, ఇద్దరైతే ఎనిమిదడుగులు దూరం నిలబడాలి. అమెరికా ఇళ్ళల్లో అది మామూలు సంగతేమో, కూకట్‌పల్లి రెండు గదుల ఫ్లాట్ హాల్లో మాత్రం టీపాయ్ బాల్కనీలోకి, సోఫా గోడకి ఆనించి, దివాన్ నిలబెట్టాలి. మధ్యలో అమ్మ హాల్లోంచి వంటింట్లోకి నడిచి వెళ్తే తెరమీద రెండో ఆటగాడిగా ప్రత్యక్షమయ్యేది. అది లోపమేమీ కాదు, ఎవరైనా మధ్యలో వచ్చి చేరేలాగే చేశారు, కాకపోతే పప్పు గిన్నె పట్టుకుని పడవ పందెంలో చేరిన మనిషి మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది. సరదా బోలెడంత. కానీ ఆ సర్దుడు పని ప్రతిసారీ ఎవడు చేస్తాడు? పండగకి చుట్టాలొస్తే తప్ప తీసేవాళ్ళం కాదు.

మైక్రోసాఫ్ట్ ఆ రికార్డు చూసుకుని 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌కి కినెక్ట్‌ని తప్పనిసరిగా అంటగట్టి 499 డాలర్లు పెట్టింది. సోనీ మామూలు కంట్రోలర్‌తో పీఎస్ 4ను 399కి ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే, 2014 జూన్‌లో, కినెక్ట్ తీసేసి 399కి దిగాల్సి వచ్చింది, 2017లో దాని తయారీయే ఆపేశారు. ఆ దెబ్బ నుంచి ఎక్స్‌బాక్స్ ఇప్పటికీ కోలుకోలేదని నా అభిప్రాయం. కొత్త కంట్రోలర్ అంటే వాళ్ళకి అంత భయం ఎందుకో కూడా అక్కడే తెలుస్తుంది.

ఇంత హడావుడి చేసిన ఊపుడు ఆటల్లోంచి చివరికి నిలబడింది ఒక్కటే, అది కూడా చప్పుడు చేయకుండా నిలబడింది, కంట్రోలర్ ఎటు తిరుగుతోందో పసిగట్టే జైరో సెన్సర్. స్విచ్‌లో జెల్డా ఆడుతూ విల్లు ఎక్కుపెట్టి, స్టిక్‌తో సుమారుగా గురి చూసి, తర్వాత మణికట్టు వెంట్రుకవాసి కదిపితే బాణం సరిగ్గా కంట్లో దిగుతుంది. సోఫాలో పడుకునే చేయొచ్చు, ఫ్యాన్ ఆపక్కర్లేదు. ఇది అలవాటైనవాళ్ళకి ఉత్త స్టిక్‌తో గురి చూడటం నరకం. డ్యుయల్‌సెన్స్‌లో జైరో ఉంది కానీ ఆటలు సరిగ్గా వాడుకోవు, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో అసలు లేనే లేదు. నన్నడిగితే ఈ ఇరవై ఏళ్ళ కొట్లాటలో నిజంగా పనికొచ్చింది ఇదే, దీన్ని సగంలో వదిలేసి మిగతా ఆర్భాటాలన్నీ చేశారు.

ఇక అసలు కోపం. ముగ్గురూ ట్రిగ్గర్లనీ వైబ్రేషన్‌నీ కొత్తగా చేశామని చెప్పుకుంటారు గానీ, మనం ప్రతి నిమిషం తిప్పే స్టిక్ కింద ఉన్నది మాత్రం పాతకాలం పొటెన్షియోమీటరే. కార్బన్ పూసిన పట్టీ మీద ఒక లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. తాతయ్య రేడియోలో వాల్యూమ్ తిప్పితే బరబరమనేది చూడండి, లోపలున్నది అదే సరుకు. రాసుకుని రాసుకుని పట్టీ అరిగాక మనం ముట్టుకోకపోయినా కదులుతున్నట్టు సంకేతం వెళ్తుంది, డ్రిఫ్ట్ అంటే అదే. మా ఇంట్లోనూ ఒకదానికి వచ్చింది, ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. ఫుట్‌బాల్ ఆటలో మెనూ తనంతట తాను కిందికి జారిపోయేది, కార్నర్ కొట్టబోతే గురి మెల్లగా ఎడమకి పాకేది. డెడ్ జోన్ (స్టిక్ కాస్త కదిలినా ఆట పట్టించుకోని మేర) పెంచి కొన్నాళ్ళు నెట్టుకొచ్చా, చివరికి రిపేరు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్తే డజను పైగా చోట్ల టంకం విప్పి కొత్త స్టిక్ వేశాడు.

అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్కుల్లో రాపిడి ఉండదు, ఇలా అరగవు. కొత్త సంగతా అంటే సెగా 1998లోనే డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో పెట్టింది. గులికిట్ లాంటి చిన్న కంపెనీలు ఇప్పుడు తక్కువ ధరకే పెడుతున్నాయి. స్విచ్ కంట్రోలర్ జాయ్‌కాన్‌కి వచ్చే డ్రిఫ్ట్ మీద 2020లో నింటెండో అధ్యక్షుడు ఫురుకావా స్వయంగా క్షమాపణ చెప్పారు, అయినా 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో కూడా హాల్ ఎఫెక్ట్ కాదని వాళ్ళే ఒప్పుకున్నారు. స్విచ్ మన దేశంలో అధికారికంగా విడుదలే కాలేదు కాబట్టి మనకి ఉచిత రిపేరు ఊసే లేదు. సోనీ ఏమో స్టిక్ మాడ్యూల్ ఊడదీసి మార్చుకునే డ్యుయల్‌సెన్స్ ఎడ్జ్ తెచ్చింది, ఇక్కడ విడుదలైనప్పుడు 18,990 రూపాయలు, అంటే అరిగిపోయే వస్తువుని మార్చుకునే హక్కు కోసం మామూలు కంట్రోలర్‌కి మూడింతలు కట్టాలన్నమాట.

స్విచ్ 2 నా దగ్గర లేదు, మా బావ వాళ్ళింట్లో కొంచెం ఆడాను. జాయ్‌కాన్‌ను పక్కకి తిప్పి బల్ల మీద మౌస్‌లా జరపడం కొత్తగా ఉంది, తొడ మీద జరిపినా పనిచేసింది. కానీ అంచు సన్నం, ఓ అరగంటకి వేళ్ళు పట్టేశాయి. ఇది జైరో దారిన పోతుందో కినెక్ట్ దారిన పోతుందో ఇప్పుడే చెప్పలేను.

ఇప్పుడు కొనేవాళ్ళకి నా లెక్క ఇది. కార్ల ఆటలు, సోనీ సొంత ఆటలు ఇష్టమైతే డ్యుయల్‌సెన్స్‌కి పోటీ లేదు. పీసీ మీద ఆడేవాళ్ళు, రోజూ గంటలకొద్దీ ఆడేవాళ్ళు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్, నాలుగు రీచార్జబుల్ సెల్లు తీసుకోండి. స్విచ్ ఉంటే రెండో కంట్రోలర్‌గా హాల్ ఎఫెక్ట్ ఉన్న బయటి కంపెనీది కొనండి, జైరో ఉందో లేదో పెట్టె మీద చదివి మరీ కొనండి. ఆ బయటివి చాలామటుకు పీఎస్ 5 ఆటలకి పనిచేయవు, సీటీసీలో అమ్మేవాడు పనిచేస్తుందని ఒట్టేసినా షాపులోనే పెట్టించి చూశాకే డబ్బులివ్వండి.