లెడ్జర్ నానో ఎస్ ప్లస్: కంప్యూటర్‌కి తగిలించి ఏళ్లుగా వాడాక

క్రిప్టో నాణేలు ఖర్చుపెట్టడానికి కావలసిన రహస్య కీని దాచే చిన్న పరికరం (హార్డ్‌వేర్ వాలెట్) ఇది. పరికరం మంచిది, ముందే చెప్పేస్తాను. బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు, యూఎస్‌బీ-సి కేబుల్ ఒక్కటే దారి. ఎక్కువ కాలం సొరుగులో ఉండి ఎప్పుడో ఒకసారి బయటికి తీసే వస్తువుకి ఇది పెద్ద సుగుణం. తెర చిన్నది, బటన్లు రెండే కాబట్టి 24 రికవరీ పదాలు (పరికరం పోయినా వాలెట్‌ని మళ్ళీ తెరిచే పదాలు) ఎక్కించడానికి ఓపిక కావాలి. అది తప్ప పరికరం మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. జాగ్రత్తంతా దాన్ని తగిలించే కంప్యూటర్ దగ్గరే కావాలి.

కంప్యూటర్ నుంచి లావాదేవీ పరికరంలోకి వస్తుంది, లోపలి సెక్యూర్ చిప్ సంతకం చేస్తుంది, ఆ సంతకం మాత్రమే తిరిగి వెళ్తుంది. ఆ రహస్య కీ (ప్రైవేట్ కీ) కేబుల్ ఎక్కదు. (2023లో వచ్చిన లెడ్జర్ రికవర్ సేవలో చేరితే మాత్రం సీడ్ (ఆ 24 పదాల వెనకున్న మూల రహస్యం) ఎన్‌క్రిప్ట్ అయి, మూడు ముక్కలై లెడ్జర్‌తో సహా మూడు సంస్థల దగ్గరికి వెళ్తుంది. ఎవరినీ అందులో చేరమనను.) అందుకే వైరస్ పట్టిన కంప్యూటర్‌కి తగిలించినంత మాత్రాన కీ పోదు. ఆ వైరస్ చేసే పని వేరు: డబ్బు పంపడానికి మీరు కాపీ చేసిన అడ్రస్‌ని క్లిప్‌బోర్డ్‌లోనే మార్చేసి దొంగ అడ్రస్ పెడుతుంది. మానిటర్ మీద అంతా మామూలుగానే ఉంటుంది. పరికరం తెర మీద కనిపించే అడ్రస్ ఒక్కటే నమ్మదగ్గది. పంపేటప్పుడే కాదు, డబ్బు అందుకోవడానికి అడ్రస్ ఇచ్చేటప్పుడూ పరికరంలో తెరిచి చూడాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి వదిలెయ్యొద్దు. ఆ రెండు చివర్లూ కలిసేలా అడ్రస్‌లు తయారుచేసే మోసం ఉంది కాబట్టి మధ్య భాగం కూడా చదవండి.

మొదటిసారి కలిపేటప్పుడు ఆప్ దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు. పరికరాన్ని వాడటానికి కంప్యూటర్‌లో పెట్టుకునే ఆప్ లెడ్జర్ లైవ్‌ని (ఇప్పుడు పేరు లెడ్జర్ వాలెట్) కంపెనీ సైట్ చిరునామా స్వయంగా టైప్ చేసి దించుకోండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటన నొక్కకండి. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే నకిలీ లెడ్జర్ లైవ్ దూరి జనం డబ్బు పట్టుకుపోయింది. దించిన ఫైల్ హాష్‌ని (దాని వేలిముద్ర లాంటి అక్షరాల వరస) కంపెనీ ప్రకటించిన దానితో పోల్చడానికి రెండు నిమిషాలు చాలు. ఏ ఆప్ అయినా 24 పదాలు కీబోర్డ్ మీద కొట్టమని అడిగితే అది దొంగదే, ఇందులో మినహాయింపు లేదు. ఆ పదాలు పరికరం బటన్లతో మాత్రమే ఎక్కించాలి.

డబ్బా మీద సీల్ లేదని కంగారు పడొద్దు, లెడ్జర్ సీల్ వెయ్యదు. తగిలించాక, పరికరం అసలుదేనా అని ఆప్ చేసే జెన్యూన్ చెక్‌లో పరికరం చిప్ లోపలి కీతో జవాబిస్తుంది. అసలు పరీక్ష అదే. కొత్త పరికరం పిన్ ముందే పెట్టి వచ్చినా, పదాలు అచ్చువేసిన కాగితం దొరికినా వాడకండి.

తెర వెలుగుతుంది, పిన్ తీసుకుంటుంది, ఆప్ మాత్రం "పరికరం లేదు" అంటుంది. చాలాసార్లు కారణం కేబులే. ఛార్జింగ్‌కే పనికొచ్చే కేబుల్‌లో డేటా తీగలు ఉండవు, కరెంటు మాత్రం వస్తుంది. డబ్బాలో వచ్చిన కేబుల్ పెట్టండి, హబ్ తీసేసి నేరుగా పోర్టుకి తగిలించండి. అప్పటికీ కుదరకపోతే మెటామాస్క్ (బ్రౌజర్‌లో నడిచే వాలెట్) లాంటి మరో ప్రోగ్రామ్ పరికరాన్ని పట్టుకుని ఉందేమో చూడండి. ఒకేసారి ఇద్దరితో మాట్లాడలేదు కాబట్టి రెండోది మూసెయ్యాలి. బ్రౌజర్ వాలెట్‌కి క్రోమ్ జాతి బ్రౌజర్ కావాలి, వెబ్ పేజీ యూఎస్‌బీ పరికరంతో మాట్లాడే సదుపాయం (వెబ్‌యూఎస్‌బీ) ఫైర్‌ఫాక్స్‌లో లేదు. లినక్స్‌లో యూడెవ్ నియమాలు (పరికరాన్ని ఎవరు వాడొచ్చో చెప్పేవి) పెట్టకపోతే సిస్టమ్‌కి పరికరం కనిపించినా ఆప్‌కి అనుమతి ఉండదు. కంపెనీ ఇచ్చే స్క్రిప్ట్ ఒకసారి నడిపి, కేబుల్ తీసి పెడితే సరిపోతుంది. ఆప్‌ని రూట్‌గా (సిస్టమ్ మీద పూర్తి అధికారంతో) నడపడం దీనికి పరిష్కారం కాదు.

ఇథీరియం వాడేవాళ్లు బ్లైండ్ సైనింగ్ సెట్టింగ్ ఆపి ఉంచండి. అది తెరిచి ఉంటే దేనికి సంతకం పెడుతున్నారో తెర చెప్పదు, ఒట్టి హాష్ చూపిస్తుంది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల ఈథర్ (ఇథీరియం నాణెం) పోయింది ఈ దారినే. సంతకం చేసినవాళ్ల దగ్గర హార్డ్‌వేర్ వాలెట్లు ఉన్నాయి, వెబ్ పేజీ మాత్రం అసలు లావాదేవీని దాచి వేరొకటి చూపించింది. ఏదైనా స్మార్ట్ కాంట్రాక్టుకి (ఇథీరియం మీద నడిచే ప్రోగ్రామ్‌కి) ఆ సెట్టింగ్ తప్పనిసరైతే, కొద్ది సొమ్మున్న వేరే సీడ్‌తో చెయ్యండి.

పెద్ద మొత్తం వెయ్యకముందే ఈ పరీక్ష చెయ్యమని గట్టిగా చెబుతాను. కొద్ది సొమ్ము పంపి, అడ్రస్ రాసుకుని, కావాలనే మూడుసార్లు తప్పు పిన్ కొట్టండి. పరికరం తుడిచిపెట్టుకుపోతుంది. కాగితం మీది 24 పదాలతో మళ్ళీ తెరిచి అదే అడ్రస్ వస్తుందో లేదో చూడండి. రికవరీ పదాలు ఎంచే జాబితాలోని 2048 పదాల్లో మొదటి నాలుగు అక్షరాలు కలిసేవి రెండు ఉండవు కాబట్టి, రాత అలికినా పదం పట్టుకోవచ్చు. ఒక పదం తప్పు రాసుకుంటే చెక్‌సమ్ (పదాల్లోనే ఇమిడి ఉన్న సరిచూపు లెక్క) దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. పాస్‌ఫ్రేజ్‌కి (ఆ 24 పదాలకు తోడుగా, కావాలంటే మీరే పెట్టుకునే రహస్య మాటకి) మాత్రం అలాంటి కాపలా లేదు. ఒక్క అక్షరం తేడా కొట్టినా పొరపాటని చెప్పదు, ఖాళీ వాలెట్ తెరుస్తుంది. అది చూసి డబ్బు పోయిందనుకోకుండా, పెద్ద అక్షరాలూ ఖాళీ జాగాలూ సరిచూసుకుని మళ్ళీ కొట్టండి.

ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, 24 పదాలు రాసిన ఆ కాగితం చేతికందేలా పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. మధ్యలో కేబుల్ ఊడితే కంగారుపడి బటన్లు నొక్కకుండా, మళ్ళీ తగిలించి ఆప్‌లోని రిపేర్ నడపండి. పరికరంలోంచి బిట్‌కాయిన్ ఆప్ చెరిగిపోయినా నాణేలు ఎక్కడికీ పోవు, మళ్ళీ ఎక్కించుకోవచ్చు.