పసితనంలోనా, నమ్మాకా? బాప్తిస్మం రెండు దారులు

తిరిగి జన్మించాలి, అదీ నీటివల్లా ఆత్మవల్లా. రాత్రిపూట వెతుక్కుంటూ వచ్చిన నికొదేముకు యేసు చెప్పింది ఇదేనని యోహాను సువార్త 3వ అధ్యాయం. ఆ నీళ్లు, అంటే క్రైస్తవ విశ్వాసంలోకి చేర్చే బాప్తిస్మం, ఎప్పుడన్న దగ్గరే సంఘాలు విడిపోయాయి.

సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ గుళ్లలో పసిబిడ్డకైనా బాప్తిస్మం ఇస్తారు. పాస్టర్ అయ్యగారు బిడ్డను ఎత్తుకుని తలమీద నీళ్లు పోస్తారు, బిడ్డ కెవ్వుమంటుంది, వెనక బెంచీలో అమ్మమ్మ కళ్లు తుడుచుకుంటుంది. బిడ్డ చేసిందేమీ లేదు, అంతా దేవుని కృపే. పెద్దయ్యాక కన్ఫర్మేషన్‌లో సొంత నోటితో విశ్వాసం ఒప్పుకోవాలి. చాలామందికి అది ఒక ఫొటోగా మిగిలిపోతుందన్నదే నా ఫిర్యాదు.

బాప్టిస్టులు, పెంతెకొస్తుల లెక్క వేరు. ముందు మారుమనస్సు, తర్వాతే నీళ్లు, అదీ నిలువునా ముంచాల్సిందే. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలే ఆపేశారు, తిండికోసం చేరారన్న మాట రాకూడదని. తీరా 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ముంచేవాళ్లు ఆరుగురే. ఇద్దరు నీళ్లలో ఉంటే మిగతావాళ్లు గట్టుమీద అలసట తీర్చుకునేవారు.

నీళ్లు రక్షించవు, విశ్వాసమే రక్షిస్తుందని బాప్టిస్టులు గట్టిగా చెబుతారు. ఈ స్పష్టత నాకు నచ్చుతుంది. కానీ పసితనంలో పొందినవాళ్లను మళ్లీ మునగమన్నప్పుడే ఇంట్లో టెన్షన్. "అప్పుడు అయ్యగారు పోసినవి నీళ్లు కావా?" అని అమ్మమ్మ అడిగితే ఏం చెబుతాం?