గోల్కొండ కోటలో గైడుతో గంటన్నర: డబ్బుకు తగిన పర్యటనేనా?

సెలవు రోజున గోల్కొండ కోటకు వెళ్లేవారు మొదట తేల్చుకోవలసింది గైడును పెట్టుకోవాలా, వద్దా అన్నదే. టిక్కెట్టు తీసుకొని బాలా హిస్సార్ దర్వాజా వైపు నడుస్తుండగానే గైడులు పలకరిస్తారు, వెనుక నుంచి జనం తోసుకొస్తుంటారు, నిలబడి ఆలోచించుకునే తీరిక ఉండదు. గుంటూరు నుంచి వచ్చిన మా పెద్దమ్మతో, ఇద్దరు పిల్లలతో కలిసి ఒక ఆదివారం వెళ్లిన మేము, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒక పెద్దాయనను గంటన్నర పర్యటనకు మాట్లాడుకున్నాము. ఆ గంటన్నర మీద నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: కోట కింది భాగానికి గైడు తప్పకుండా కావాలి, కొండ ఎక్కడానికి మాత్రం అక్కరలేదు. పైకి వెళ్లాక బారాదరి అనే దర్బారు మండపం, దాని చుట్టూ కనిపించే నగరం ఎవరి వివరణా లేకుండానే అర్థమవుతాయి. కిందనున్న గోడలు అలా కాదు. చెప్పేవారు లేకపోతే ఆయుధాగారమూ, అంగరక్షకుల గదులూ, అంతఃపురమూ అన్నీ ఒకే రకం శిథిలాల్లా కనిపిస్తాయి.

దర్వాజాకు ఎదురుగా ఒక అడ్డుగోడ ఉంది. జనమంతా దాన్ని చుట్టుకొని లోపలికి వెళ్లిపోతారే గాని అది అక్కడ ఎందుకుందో పట్టించుకోరు. మా గైడు మొదట ఆగింది ఆ గోడ దగ్గరే. ఏనుగు తలుపును కుమ్మాలంటే దూరం నుంచి పరుగెత్తుకొని రావాలని, ఆ పరుగుకు చోటు లేకుండా చేయడానికే ఈ గోడ కట్టారని, పక్క నుంచి వంపు తిరిగి వచ్చే శత్రువు పైన కాపున్న సైనికులకు సూటిగా చిక్కుతాడని చెప్పి, పిల్లలిద్దరినీ ఆ వంపులో పరుగెత్తి చూడమన్నారు. నాలుగు అడుగులు వేసేసరికే వాళ్లు వేగం తగ్గించుకోవలసి వచ్చింది. ఆ తరువాత తల పైకెత్తి చూడమన్నారు. ద్వారం పైభాగంలో గచ్చుతో తీర్చిన నెమళ్లు, సింహాన్ని పోలిన కల్పిత మృగాలైన యాళులు ఉన్నాయి. కాకతీయుల నాటి మట్టికోట బహమనీల చేతికి ఎలా పోయిందో, 1518లో సుల్తాన్ కులీ దీన్ని కేంద్రంగా చేసుకొని కుతుబ్ షాహీ పాలనకు ఎలా పునాది వేశాడో, తరువాతి వారు నల్లరాతి గోడలతో దీన్ని ఎలా పటిష్ఠం చేశారో ఆయన అక్కడే క్లుప్తంగా చెప్పారు. తేదీలు వరుసగా అప్పగించకుండా కంటి ముందున్న రాతిని చూపిస్తూ చెప్పడం వల్ల పిల్లలకు కూడా విసుగు పుట్టలేదు.

దర్వాజా దాటగానే వచ్చేది చప్పట్ల మండపం. గోల్కొండలో రద్దీ అంటే ఏమిటో తెలిసేది ఇక్కడే. గుమ్మటం కింద ఒక నిర్ణీత స్థలంలో నిలబడి చప్పట్లు కొడితే ఆ చప్పుడు కొండ పైన బారాదరి దగ్గర వినిపిస్తుందన్న సంగతి అందరికీ తెలుసు కాబట్టి, వచ్చిన ప్రతివారూ లోపలికి అడుగు పెడుతూనే చప్పట్లు మొదలుపెడతారు. పదిమంది ఒకేసారి కొడుతుంటే అది సంకేతంగా ఉండదు, మోతగా మారిపోతుంది. ఆయన మమ్మల్ని ఒక పక్కకు తీసుకెళ్లి, "ఆగుండ్రి సార్, ఈ గుంపు పోనీయుండ్రి. అందరు కల్సి కొడ్తే పైన ఎవ్వరికీ సమజ్ కాదు" అన్నారు. రెండు గుంపులు దాటిపోయాక దొరికిన కొద్దిపాటి విరామంలో మమ్మల్ని గుమ్మటం నడిమికి తీసుకెళ్లి ఒక్కసారి చప్పట్లు కొట్టారు. చప్పుడు నెత్తి మీద నుంచి తిరిగి మోగింది. అక్కడి నుంచి రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ కొట్టారు. ఈసారి అది మామూలు చప్పట్లాగే చచ్చిపోయింది. లోపలి కప్పును పలకలు పలకలుగా తీర్చిన తీరు, ఆ పలకల వంపు చప్పుడును చెదిరిపోనీయకుండా పైకి మళ్లించే విధానం ఆయన వేలితో చూపిస్తూ వివరించారు. ఈ తేడాను సొంతంగా వెళ్లినవారు కనిపెట్టడం కష్టం, ఎందుకంటే ఆ రద్దీలో నిలబడిన చోటు సరైనదో కాదో చెప్పేవారుండరు. కింద ఎవరు వచ్చారో, స్నేహితులో శత్రువులో పైవారికి క్షణాల్లో తెలియజేయడానికి పెట్టుకున్న ఏర్పాటు ఇదని చెప్పాక, పెద్దమ్మ ఆయనను, "అయితే అయ్యా, ఎవరు కొట్టారో పైవాళ్లకెట్లా తెలుస్తుంది?" అని అడిగింది. "లెక్క ఉంటదమ్మా. ఎన్ని కొట్టాలె, ఎక్కడ ఆగాలె అని ముందే మాట్లాడుకుంటరు" అని ఆయన జవాబు.

ఆ జవాబును మేము తరువాత పరీక్షించాము. మోకాళ్ల నొప్పుల వల్ల పెద్దమ్మ కిందే ఉండిపోయింది. పిల్లలతో నేను పైకి చేరాక ఫోన్‌లో చెబితే, ఆమె మూడు కొట్టి, ఆగి, మరో రెండు కొట్టింది. బారాదరి దగ్గర చుట్టూ జనం మాట్లాడుకుంటున్నా, కింద ఇతరులు కొడుతున్న చప్పట్లు కలగలిసి వస్తున్నా, మూడు, రెండు అన్న ఆ వరుస మాత్రం సన్నగా విడిగా వినిపించింది. పెద్దవారిని వెంట తీసుకెళ్లే కుటుంబాలు ఇలా ముందే ఒక లెక్క అనుకొని వెళ్లండి. కొండ ఎక్కలేనివారికి కూడా పర్యటనలో ఒక పాత్ర ఉంటుంది.

నాకు ఈ పర్యటనలో అన్నింటికన్నా విలువైనదిగా తోచింది నీటి ఏర్పాటు. ఇంత ఎత్తైన రాతికొండ మీద వేసవిలో కూడా నీరు ఎలా నిలిచిందన్న ప్రశ్న చాలామంది సందర్శకులకు తట్టనే తట్టదు. గైడు మమ్మల్ని మెట్ల దారి పక్కన విరిగిన ఒక గోడ దగ్గర ఆపి, లోపల కనిపిస్తున్న మట్టి గొట్టాన్ని చూపించారు. కాల్చిన మట్టితో చేసిన గొట్టాలు. ఒకదాని కొస మరొకదాని మూతిలో ఇమిడి ఉంది. చుట్టూ దట్టంగా సున్నం పట్టించి గోడలోనే కప్పేశారు. గోడ విరిగిన చోట గొట్టం అడ్డకోత స్పష్టంగా కనిపిస్తుంది. కొండ వాలు మీద అంచెలంచెలుగా తొట్లు కట్టి, ఒక తొట్టి నుంచి పై తొట్టికి ఎద్దులు తిప్పే చక్రాలతో నీటిని తోడి పోసేవారని, పైకి చేరిన నీరు ఈ గొట్టాల గుండా తన బరువుతో తానే మహళ్లకు, స్నానపు గదులకు, ఫౌంటెన్‌లకు దిగేదని ఆయన చెప్పారు. ఇప్పుడు తీగల వంతెన కింద పడవలు తిరుగుతున్న దుర్గం చెరువే ఒకప్పుడు ఈ కోటకు నీరిచ్చిందని వినగానే మా పెద్దబ్బాయి నిజంగా ఆశ్చర్యపోయాడు, ఎందుకంటే వాడు రోజూ బడి బస్సులో ఆ పక్క నుంచే వెళతాడు. ఒక కోటను ముట్టడి ఎనిమిది నెలలు వంచలేకపోయిందంటే దానికి గోడల మందం ఎంత కారణమో ఈ గొట్టాలూ, కొండ మీది ధాన్యపు కొట్లూ అంతే కారణం. 1687లో ఔరంగజేబు సేనలు లోపలికి రాగలిగింది గోడ పగిలినందువల్ల కాదు, అబ్దుల్లా ఖాన్ పణి అనే సేనాని లోపలి నుంచి తలుపు తీసినందువల్ల. లంచాలకు లొంగని మరో గోల్కొండ సేనాని అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడిన సంగతి కూడా గైడు చెప్పారు, అది కూడా తొందర లేకుండా చెప్పారు.

రామదాసు బందిఖానా దగ్గర వివరణ కన్నా మౌనమే ఎక్కువ. భద్రాచలంలో రామాలయం కట్టించిన కంచెర్ల గోపన్నను, అంటే రామదాసును, చివరి కుతుబ్ షాహీ సుల్తాను తానీషా కాలంలో ఉంచిన గది ఇదేనని చెబుతారు. కప్పులోని కంత గుండా పడే వెలుతురు తప్ప లోపల చీకటి. గోడ మీద ఆయన చెక్కుకున్నవిగా చెప్పే సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపాలు ఉన్నాయి. జనం ఎక్కువైతే అక్కడ ఒకరి వెనుక ఒకరు కదలాలి. పెద్దమ్మ ఇంత దూరం మాత్రం మెల్లగా నడిచి వచ్చి, దణ్ణం పెట్టుకొని, దాశరథీ శతకంలో తనకు వచ్చిన ఒక పద్యం చదువుకుంది. రాముడే వచ్చి మొహరీలు చెల్లించాడన్న కథను గైడు కథగానే చెప్పి, అదే తానీషా పేరుతో ముడిపడిన ముత్యాల తలంబ్రాల ఆనవాయితీని ఈనాటి ప్రభుత్వం కూడా భద్రాద్రి కల్యాణానికి కొనసాగిస్తున్న సంగతిని జోడించారు. నమ్మకానికీ చరిత్రకూ మధ్య ఆయన ఇక్కడ పాటించిన మర్యాద నాకు నచ్చింది.

అదే జాగ్రత్త అన్ని చోట్లా ఉండి ఉంటే ఈ సమీక్షలో ఫిర్యాదు ఉండేది కాదు. ఇక్కడి నుంచి చార్మినార్ దాకా సొరంగం ఉందన్న మాటను ఆయన రుజువైన విషయంలా చెప్పారు. అంతకన్నా పెద్ద పొరపాటు వజ్రాల విషయంలో జరిగింది. కోహినూరు ఈ కొండలోనే దొరికిందని పిల్లలతో అన్నారు. కొండ నల్లరాయి, వజ్రాలు ఇక్కడ తవ్వినవి కావు. కుతుబ్ షాహీల ఏలుబడిలో ఉన్న కృష్ణా తీరపు గనుల నుంచి, ముఖ్యంగా పల్నాటి కొల్లూరు నుంచి వచ్చి, ఇక్కడి వర్తకం వల్ల గోల్కొండ పేరును ప్రపంచమంతా మోశాయి. ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలో ఆ గనులను స్వయంగా చూసి రాశాడు. కోహినూరు పుట్టుక కూడా కొల్లూరేనని ఎక్కువ మంది నమ్మకం. ఆ ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. పెద్దమ్మ పుట్టిల్లు ఆ ప్రాంతంలోనే కావడంతో ఆమె గైడును ఆపి, "అవి మా వైపువయ్యా" అని గట్టిగానే చెప్పింది. ఆయన నొచ్చుకోకుండా విన్నారు. అయినా పిల్లలకు మొదట చేరే మాట తప్పుగా చేరకూడదు. వినేవారి ఊరి చరిత్రను కూడా తనలో కలుపుకున్న కోట ఇది అని చెప్పే అవకాశం అక్కడ చేజారింది.

తెలుగు కుటుంబానికి తెలుగులో చేసిన పర్యటనలో మరొక లోటు కూడా నాకు బాధ కలిగించింది. యువకుడిగా ఏడేళ్లు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో గడిపి వచ్చి రాజైన ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడు. కవులు ఆయనను మల్కిభరాముడని పిలుచుకున్నారు. తరువాతి కాలపు ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడ్డాయి. బాలా హిస్సార్ ద్వారం మీది యాళులను చూపించిన మనిషి ఈ మాట ఒక్కటి చెబితే ఆ శిల్పానికి అర్థం నిండుగా వచ్చేది. ఆస్థాన నర్తకీమణులు తారామతి, ప్రేమామతి కథలకు ఇచ్చిన సమయంలో సగం దీనికి సరిపోయేది. రాణి మహల్‌ను కూడా ఆయన చివరి నిమిషాల్లో గబగబా దాటించారు. గోడల్లోని గూళ్లు, గచ్చు పూలు, నడుమనున్న ఫౌంటెన్ తీరిగ్గా చూడవలసినవి. ఆయన వెళ్లిపోయాక మేము మళ్లీ అక్కడికి వచ్చి చూసుకున్నాము.

ఖర్చు విషయానికి వస్తే, ప్రవేశ టిక్కెట్టు, గైడు రుసుము వేరువేరు. ఎంత సేపు, ఏ భాషలో, కొండ పైదాకానా లేక కింది భాగం వరకేనా అన్నవి మాట్లాడుకున్న తరువాతే మొత్తం ఖరారు చేసుకోండి. మేము అలా చేసినందువల్ల చివరలో ఎలాంటి వాదనా రాలేదు, ఆయన అదనంగా ఒక్క రూపాయి కూడా అడగలేదు. కింది భాగం, బందిఖానా, రాణి మహల్ మాత్రమే చాలునని చెప్పి ఆ గంటన్నరనూ వాటికే కేటాయించమనండి. కొండ మీది మహంకాళి గుడికి, బారాదరికి మెట్లు ఎక్కడం మీ ఓపికను బట్టి తరువాత పెట్టుకోవచ్చు. ఉదయం తలుపులు తీసిన తొలి గంటలో వెళితే చప్పట్ల మండపం ఖాళీగా దొరుకుతుంది. మధ్యాహ్నం వేడికి రాయి కాలిపోతుంది, మెట్ల మీద నీడ తక్కువ. ఆషాఢంలో బోనాల కోసం వెళ్లడం వేరు, కోట చూడడం వేరు. ఆ నెల ఆదివారాల్లో, గురువారాల్లో గైడు పర్యటనకు రావద్దు, ఎందుకంటే ఆ జనంలో ఆయన గొంతు మీకు చేరదు. సాయంత్రం జరిగే ధ్వని, కాంతి ప్రదర్శనకు టిక్కెట్టు వేరుగా కొనాలి. అది ఏ రోజు ఏ భాషలో ఉంటుందో ముందే కనుక్కోండి.

సమయం మిగిలితే ఇంటిదారి పట్టకుండా పక్కనే ఉన్న ఇబ్రహీం బాగ్‌లోని కుతుబ్ షాహీ సమాధులకు వెళ్లండి. గైడు చెప్పిన పేర్లలో చాలామంది అక్కడే ఉన్నారు. తానీషా మాత్రం అక్కడ లేడు. ఔరంగజేబు ఆయనను దౌలతాబాదుకు బందీగా పంపాడు, అక్కడే మరణించాడు, ఖుల్దాబాదులో ఖననమయ్యాడు. ఈ సంగతి మాకు కోటలో ఎవరూ చెప్పలేదు, సమాధుల దగ్గర పిల్లలు ఆయన గుమ్మటం ఏదని అడిగినప్పుడు నేనే చెప్పవలసి వచ్చింది.